అమ్మ కాలి ఆది

పది రోజుల కింద, ఒమాన్‌లోని దుక్మ్‌లో మా అమ్మాయి షారోను తలుపు తీసినప్పుడు, దాని మొహం కంటే ముందు నేను కాళ్ళు చూశాను. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్లని చూస్తే ఎవరైనా పొట్ట చూస్తారు, మొహంలో కళ ఉందా లేదా అని చూస్తారు. నాది వేరే జబ్బు. నలభై ఏళ్ళుగా కడుపుతో ఉన్న ఏ మనిషి ఎదురుపడ్డా నా చూపు తిన్నగా పాదాల మీదికి దిగిపోతుంది. పెళ్ళిళ్ళలోనూ, లిఫ్టుల్లోనూ, మస్కట్‌లో కూరగాయల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డప్పుడూ అంతే. ఈవిడేమిటి, చెప్పులు కాజేసే రకమా అని ఎవరైనా అనుకుంటారేమోనని సిగ్గు కూడా వేస్తుంది. షారోను ఆ రోజు మొగుడి చెప్పులు వేసుకుని ఉంది. పెద్ద నల్ల రబ్బరు చెప్పులు. వాటిలో కూడా దాని కాళ్ళు వదులుగా లేవు.

"కిరణ్ చెప్పులు తగిలించుకున్నావేంటే?" అన్నాను, చేతిలో సంచీ కింద పెట్టకుండానే.

"నావి ఇరుకయ్యాయమ్మా. నెలలు నిండేటప్పుడు అందరికీ ఇంతేనంట. ముందు లోపలికి రా. అట్టల డబ్బా తెచ్చావా?"

తెచ్చాను. అది తెమ్మని నెల రోజులుగా ఫోనులో ఒకటే పోరు. ఈసారి మనింట్లో ఇంకో సాక్సు పెరుగుతుంది, నువ్వే వచ్చి కుట్టాలి అని. డబ్బా అంటే పాతకాలపు బిస్కెట్ల రేకు డబ్బా, మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. అందులో బిస్కెట్లు నేను ఏనాడూ చూసి ఎరగను. పాదాల ఆకారంలో కత్తిరించిన అట్టముక్కలు ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. మా ఇంట్లో మనుషులందరి కుడిపాదాలూ ఆ డబ్బాలో ఉన్నాయి, ఉన్నవాళ్ళవీ, పోయినవాళ్ళవీ. అన్నిటికంటే అడుగున ఉన్నది మా అమ్మది. దాన్ని నేను పైకి తీయను. దాని అంచు కత్తిరించింది నేనే.

ఈ సాక్సులు మా ఇంట్లోకి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. మా చీరాల వైపు క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్ అంటే నక్షత్రం, కొత్తబట్టలు, అరిసెలు, కేకు; గోడకి సాక్సు వేలాడదీయడం మా వీధిలో ఎవరూ ఎరగరు. మా నాన్న షినాస్‌లో దర్జీ. ఒమానీ మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల దిష్‌దాషాలు కుట్టేవాడు. ఆయనకి వీసా ఇచ్చిన కొట్టు యజమానిని అర్బాబ్ అనేవాళ్ళం. ఆ అర్బాబ్ ఇంటి ఆడవాళ్ళ బట్టలకి ఒక ఆడమనిషి చెయ్యి కావాలని అమ్మకి కూడా వీసా తీయించాడు. అలా అమ్మా నాన్నా మా తమ్ముడు దానీని చంకనేసుకుని వెళ్ళిపోయారు. నా కాగితాలు తేలలేదని నన్ను చీరాలలో అమ్మమ్మ దగ్గర వదిలారు. నెలలో పిలిపిస్తామన్నది రెండేళ్ళయింది. ఆ మధ్యలోనే పక్కనున్న పెద్దూరు సొహార్ నుంచి ఒక ఇంజనీరుగారి భార్య, తెల్లావిడ, ఎర్రగుడ్డతో కుట్టిన పాత సాక్సు ఒకటి పట్టుకొచ్చి ఇలాంటివి నాలుగు కావాలని అడిగిందట. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండో కాలిది ఏదమ్మా అన్నాడట. ఆవిడ నవ్వి, ఒకటే ఉంటుందనీ, పండగనాడు పిల్లల కోసం అందులో బొమ్మలూ మిఠాయిలూ పెడతామనీ చెప్పిందట. ఆవిడవి కుట్టగా మిగిలిన గుడ్డతో ఆ వారమే నాన్న మా నలుగురికీ కుట్టాలనుకున్నాడు. అక్కడికి అది మామూలు ముచ్చటే.

కానీ మా నాన్నకి ఆది లేకుండా కత్తెర పట్టడం చేతకాదు. ఆది అంటే కొలత కోసం ఇచ్చే నమూనా అని బట్టలు కుట్టించుకునేవాళ్ళందరికీ తెలుసు. గోడకి తగిలించే సాక్సుకి ఆది ఎందుకయ్యా అంటే వినడు. డిసెంబరులో మొదటి శుక్రవారం, అక్కడ సెలవురోజు అదే, ప్రార్థన అయ్యాక, గుడ్డ తానుల మధ్య వచ్చే అట్టలు నేల మీద పరిచి, ఒక్కొక్కళ్ళ కుడికాలు దాని మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసేవాడు. నా పాదం మాత్రం చీరాల నుంచి కవర్లో వెళ్ళేది. అమ్మమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి గీసి, మడిచి, పోస్టు చేసేది. సెలవు మీద వచ్చే ఎవరి చేతనో ఎర్ర సాక్సు తిరిగి వచ్చేది. అది సరిగ్గా నా కాలికి పట్టేది. వేసుకుని నడిచి చూపించడానికి మాత్రం ఎదురుగా ఎవరూ లేరు. ఆ రెండేళ్ళూ నేను ఎంత ఏడ్చానో ఇప్పుడు రాస్తే బాగుండదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు షినాస్ వచ్చాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఒడ్డున ఇసకలో ఎండబెట్టిన చిన్నచేపల వాసన పొద్దుటి నుంచీ గదుల్లో తిరుగుతూ ఉండేది. మధ్యాహ్నానికి వెనక వాటాలోంచి ఉమ్ సాలెం వేసే సాంబ్రాణి పొగ వచ్చి దాన్ని తరిమేసేది. ఉమ్ సాలెం అంటే సాలెం వాళ్ళమ్మ. ఇల్లు ఆవిడదే. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి అరబ్బీ పది మాటలు దాటి రాదు, అయినా ఇద్దరూ రోజూ గంటసేపు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఏం అర్థమయ్యేదో వాళ్ళకే తెలియాలి. అమ్మ మిషను కిటికీ పక్కన ఉండేది. మిషను నూనె వాసన, ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ వాసన, ఎండుచేపల చింతపండు పులుసు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ ఇల్లు అనిపిస్తుంది. స్కూలు వాను దిగి వీధి మలుపులో ఉండగానే మిషను చప్పుడు వినపడేది. ఆ చప్పుడుని బట్టి అమ్మ మనసు చెప్పేసేదాన్ని. ఉషారుగా ఉంటే ఆగకుండా పరిగెత్తేది, నాన్న మీద కోపంగా ఉంటే విరగదీసినట్టు మోగేది.

ఆ ఇంట్లో డిసెంబరు శుక్రవారాలు నేను చూసినవి రెండే. కొత్త అట్టని నిరుటి అట్ట మీద పెట్టి చూడటమే మాకు అసలు పండగ. పెన్సిలు మడమ దగ్గరికి వచ్చేసరికి దానీ కితకితలకి మెలికలు తిరిగిపోయేవాడు. "వేలెడు సాగావే!" అనేవాడు నాన్న నాతో, చేలో పైరు చూసుకుని మురిసినట్టు. పెద్దాళ్ళ కాళ్ళు పెరగవు కదా, నీదీ అమ్మదీ ఎందుకు మళ్ళీ గీయడం అని ఒకసారి అడిగాను. "నిరుటి ఒళ్ళు ఏడాదికి అట్టాగే ఉంటదంటే? ఎవరినైనా సరే, మనిషిని చూసే కొయ్యాల" అన్నాడు. తర్వాత అమ్మ కుట్టేది. కుట్టాక ఇంకో తంతు ఉండేది. కొట్లో ట్రయల్ వెయ్యకుండా నాన్న ఎవరికీ బట్ట ఇవ్వడు కాబట్టి, ఇంట్లో కూడా ప్రతివాళ్ళూ తమ సాక్సు కాలికి తొడుక్కుని, గుమ్మం దాకా కుంటుతూ నడిచి రావాలి. ఆ నడక అయ్యాకే అది గోడ ఎక్కేది. క్రిస్మస్ సాక్సుకి ట్రయల్ వేసే ఇల్లు ప్రపంచంలో మాదొక్కటే అనుకుంటాను.

నా రెండో డిసెంబరుకి అమ్మకి ఏడో నెల. నాకు పదకొండేళ్ళు. ఏ కాస్త తేడా అనిపించినా చీరాల పంపించేస్తాను, పురుడు అక్కడే పోసుకుందువుగాని అని నాన్న అంటూనే ఉన్నాడు. అమ్మ వెళితే నేనూ వెళ్ళాలి. దానీ కూడా. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి ఇంకో గదిలోకి పోయేదాన్ని.

ఆ నెలలో మిషను చప్పుడు మారింది. కాస్త నడిచేది, ఆగేది. చాలాసేపు ఆగేది. స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ తలకి తుండు బిగించి కట్టుకుని, కిటికీ రెక్కలు మూసుకుని కూర్చుని ఉండేది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచేది. అమ్మకి సూదిలో దారం ఎక్కించడం కళ్ళు మూసుకుని కూడా వచ్చు. చేత్తో కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ ఒకటి ఉండేది, చిన్నప్పటి నుంచీ వాడింది; అది వేలికి ఎక్కడం లేదని పక్కన పడేసింది. చెప్పులు మానేసి ఉత్తకాళ్ళతో తిరిగింది. ఇవన్నీ నేను చూశాను. ఒకటొకటిగా చూశాను. కలిపి చూడటం నాకు రాలేదు.

ఆ శుక్రవారం అర్బాబ్ కూతురి పెళ్ళి బట్టల మీద నాన్నకి కొట్లోనే పని. పోతూ పోతూ పెన్సిలు నా చేతిలో పెట్టాడు. "ఈసారి నువ్వే గియ్యవే కరుణా. నీ చెయ్యి వణకదు. గీసి ఉంచు, కొయ్యమాక, నేను చూసినాక కోద్దాం" అన్నాడు. నా గొప్ప చూడాలి. దానీది గీశాను, నాది గీసుకున్నాను. అమ్మ స్టూలు మీద కూర్చుని కుడికాలు అట్ట మీద పెట్టింది. వేళ్ళ చుట్టూ, పక్కన, మడమ చుట్టూ పెన్సిలు తిప్పాను. కాలు తీశాక నిరుటి అట్ట దాని మీద పెట్టాను. గీత చుట్టూరా బయటికి వచ్చింది. పాదం మధ్యలో అయితే వేలెడు.

"అమ్మా, నువ్వు కూడా సాగావే!" అని పెద్దగా నవ్వాను.

అమ్మ నవ్వలేదు. వంగలేక వంగి, ఆ అట్టని చాలాసేపు చూసింది. తర్వాత చాలా మామూలుగా, "నిరుటి ఆదికే కోసెయ్" అంది.

"నాన్న చూసినాక కొయ్యమన్నాడు గదా."

"నీరు పట్టిందంతేలే, పురుడైతే అదే పోద్ది. నాన్నకి చెప్పమాక. చెప్పావంటే రేపే టిక్కెట్టు తీస్తాడు. నన్నొక్కదాన్నే కాదు, మీ ఇద్దర్నీ పంపిస్తాడు. మళ్ళీ ఎన్నేళ్ళకి కలుస్తామో ఏందో. ఈ ఒక్క పండక్కన్నా నలుగురం ఒక గోడ కింద ఉందామే."

నేను రెండోసారి అడగలేదు. నాకూ అదే కావాలి. నాన్న పెద్ద కత్తెర తీసుకుని, నేను గీసిన గీతని వదిలేసి, నిరుటి అంచు వెంట కోశాను. నెలవంకలాంటి సన్నటి అట్టపేలిక నా ఒళ్ళో పడింది. చెత్తబుట్టలో వేస్తే నాన్నకి కనపడుతుందని కిటికీలోంచి ఇసకలోకి విసిరాను. అది కూడా అమ్మ చెప్పలేదు, నా సొంత తెలివే. సాయంత్రం నాన్న వచ్చి, కొయ్యొద్దన్నాను గదే అని కాస్త విసుక్కుని, అట్టలు చూసి, "నున్నగా కోశావే. నా బిడ్డవి అనిపించుకున్నావు" అన్నాడు. 

మూడు నాలుగు రోజులకి ఉమ్ సాలెం ఖర్జూరాలు పట్టుకుని వచ్చింది. అమ్మ పక్కన చాప మీద కూర్చుని, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, అమ్మ కాలు తన వైపు లాక్కుంది. చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీశాక అక్కడ గుంట అలాగే ఉంది. ముసలావిడ ఆ గుంటనే చూస్తూ కూర్చుంది. అది పూడలేదు. అప్పుడు సొహార్ రోడ్డు వైపు చెయ్యి చూపించి, "ముస్తష్ఫా" అంది. ఆసుపత్రికి అని. మళ్ళీ అంది. మూడోసారి నా వైపు తిరిగి, నా గడ్డం పట్టుకుని మరీ అంది. అమ్మ నవ్వుతూ "బుక్రా, బుక్రా" అంది, రేపు వెళతానని. ఆవిడ వెళ్ళాక, "ముసలావిడకి చాదస్తం ఎక్కువైంది" అంది నాతో. ఆ రేపు రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న నన్ను, "పగలంతా అమ్మ ఎట్టా ఉంటందే?" అని అడిగాడు. అమ్మ కూరగిన్నె పట్టుకుని నా వైపే చూస్తోంది. "బాగానే ఉంటంది నాన్నా" అన్నాను.

పండగ ఇంకో నాలుగు రోజులుందనగా ట్రయల్. ఒంటిగంటకి కొట్లు మూసి నాలుగింటికి తెరిచే ఊరది, నాన్న భోజనానికి వచ్చాడు. దానీ ముందు నడిచాడు, తర్వాత నేను, తర్వాత నాన్న తనది వేసుకుని కావాలని పడబోయినట్టు కుంటి మమ్మల్ని నవ్వించాడు. నాది వద్దులెండి, నడుం లాగుతోంది అంది అమ్మ. ట్రయల్ వెయ్యకుండా మా కొట్లో సరుకు బయటికి పోదు మేడమ్ అంటూ నాన్న నేల మీద కూర్చుని, అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. సాక్సు వేళ్ళ దాకా వెళ్ళింది. పాదం మధ్యలో ఆగిపోయింది. నాన్న ఇంకా నవ్వుతూనే కొంచెం లాగాడు. మళ్ళీ లాగాడు. అప్పుడు నవ్వు ఆగింది. చెయ్యి చాచి అమ్మ అట్ట అందుకుని అమ్మ అరికాలికి ఆనించాడు. అట్ట చుట్టూ అమ్మ పాదం బయటికి కనపడుతోంది. ఆయన దర్జీ. ఆయనకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. అట్ట అంచు మీద బొటనవేలు ఒకసారి నడిపి, తలెత్తి నన్ను చూశాడు.

"ఈ ఆది ఏం చూసి కోశావే?"

నేను అమ్మ వైపు తిరిగాను. "నేనే కొయ్యమన్నానండీ" అంది అమ్మ. ఆ వెంటనే, తల పట్టుకుని, "ఏవండీ, మీ మొహం సగమే కనపడతంది" అంది.

నాన్న ఉత్తకాళ్ళతో వీధిలోకి పరిగెత్తాడు. పక్కవీధిలో నీళ్ళ ట్యాంకర్ తోలే కడప మస్తాన్ మామ అర్బాబ్ పికప్ తెచ్చాడు. "యాడికన్నా, సొహార్‌కేనా? ఎక్కించు, నేను పోనిస్తా" అన్నాడు. అమ్మని ఎక్కించేటప్పుడు సాక్సు ఆ కాలికి సగం వేలాడుతూనే ఉంది. తీయాలని ఎవరికీ తోచలేదు. నన్నూ దానీనీ ఉమ్ సాలెం పట్టుకుంది. దారిలోనే అమ్మకి ఫిట్స్ వచ్చాయి. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఈ ఫిట్స్‌ని గుర్రపువాతం అంటారు మా వైపు. డాక్టర్లు ఆ రోజూ మర్నాడూ చెయ్యగలిగినదంతా చేశారని నాన్న అనేవాడు. బిడ్డ ఆడపిల్లట. ఇద్దరూ దక్కలేదు.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా, రెండు దెబ్బలు వేసినా నేను ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. మమ్మల్ని అమ్మమ్మ దగ్గర దింపి ఆయన షినాస్ వెళ్ళిపోయాడు. మా పాదాలు మళ్ళీ కవర్లలో వెళ్ళడం మొదలైంది. అమ్మకీ ఏటా కుట్టేవాడు, నేను కోసిన ఆ అట్టకే. అది తప్పుడు ఆది అని ఆయనకి తెలుసు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పెన్సిలు మాత్రం నా చేతికి ఇవ్వలేదు. నాకు పెళ్ళయి మస్కట్ వచ్చాను, దానీకి పెళ్ళయింది, ఇద్దరికీ పిల్లలు పుట్టారు, సాక్సులు నాలుగు నుంచి తొమ్మిదయ్యాయి. షారోను నా కడుపులో ఉన్నప్పుడు నాన్న ప్రతి శుక్రవారం షినాస్ నుంచి బస్సెక్కి మస్కట్ వచ్చేవాడు. కాఫీ కూడా తాగకుండా ముందు నా కాలు అట్ట మీద పెట్టించి గీసేవాడు. పోయినవారం గీత మీద పెట్టి చూసేవాడు. లోపలే ఉంటే, సరే, కాఫీ పెట్టు అనేవాడు. నా మీద కోపమో, ప్రేమో, భయమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మూడూ అయి ఉంటాయని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆయన పోయాక కుట్టుపని నాకు వచ్చింది. అమ్మది మాత్రం మానేశాను, ఆ అట్ట ముట్టుకోలేక.

దుక్మ్‌లో షారోను వాళ్ళ ఫ్లాటు కిటికీలోంచి చూస్తే కంకరనేల, దూరంగా క్రేన్లు, ఆ పైన ఖాళీ ఆకాశం. గాలి రోజంతా తలుపులు తడుతూనే ఉంటుంది. అల్లుడు కిరణ్ రిఫైనరీలో పని, పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే సాయంత్రానికి వస్తాడు. నేను వెళ్ళిన మర్నాడు భోజనాలయ్యాక షారోను తనే ఒక అట్టపెట్టె విప్పి నేల మీద పరిచి, కుర్చీలో కూర్చుని కాలు పెట్టింది. నేను గీశాను. డబ్బాలోంచి దాని నిరుటి అట్ట తీసి పైన పెట్టాను. పెట్టేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను, దేవుణ్ణి ఏం అడిగానో గుర్తులేదు. గీత చుట్టూరా బయట ఉంది. పాదం మధ్యలో వేలెడు.

షారోను పైనుంచి తొంగిచూసింది. "ఏముందిలే అమ్మా, నిరుటి ఆదికే కుట్టెయ్" అంది.

 అమ్మ మాటలు దానికి నేనెప్పుడూ చెప్పలేదు. చీలమండ పైన బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, అలాగే ఉంది.

"తలనొప్పి ఉందా?"

"రెండ్రోజుల్నించి. కళ్ళ ముందు ఏవో మెరుపులు కూడా. ఫోన్ ఎక్కువ చూస్తున్నా కదా."

"పోయినసారి చెకప్‌లో ఏమన్నారు?"

అది గోరు గిల్లుకుంటూ కూర్చుంది. మళ్ళీ అడిగితే, "బీపీ ఎక్కువుందన్నారు. వారంలో మళ్ళీ రమ్మన్నారు, నేనే వెళ్ళలేదు. వెళితే మస్కట్‌లో అడ్మిట్ అవమంటారు. కిరణ్ డ్యూటీ వదిలి రాలేడు. వాడు ఇక్కడ, నేను అక్కడ. నీకు చెపితే అప్పుడే లాక్కుపోయేదానివి" అంది. ఈ కాలంలో దీనికి ఏం తక్కువ? చేతిలో ఫోను, అందులో వారం వారం బిడ్డ ఎంతుందో చెప్పే బొమ్మలు, సందు చివర మందుల షాపులో బీపీ చూసే మిషను. అన్నీ ఉండి, షినాస్‌లో మా అమ్మ దాచినదే ఇదీ దాచింది, ఆ కారణానికే దాచింది. కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువ, పదకొండేళ్ళ నేను ఆ గదిలోనే ఎక్కడో కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నట్టు భయం వేసింది. ఫోను తీసి కిరణ్‌కి చేశాను.

"బాబూ, సైట్ నుంచి వెంటనే బండి తీసుకుని రా. షారోనుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"అత్తయ్యా, నాలుగింటికి డ్యూటీ దిగుతాను, రాగానే..."

"ఇప్పుడే రావాలి."

అక్కడి ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు మళ్ళీ ఒకసారి చూసి, డాక్టరు కోసం వెళ్ళింది. మందులిచ్చి, అంబులెన్సులో మస్కట్ పంపించారు. కిరణ్ వెనక కారులో వచ్చాడు. ఆ దారి పొడుగునా చదునైన నేల తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. షారోను కళ్ళు మూసుకునే, "అమ్మమ్మ కాన్పులో పోయిందని చెప్పావు కదా. అసలేమైంది?" అని అడిగింది. చెప్పాను. అట్ట, గీత, కత్తెర, కిటికీలోంచి విసిరిన పేలిక, అన్నీ. మా ఆయనకి కూడా చెప్పని మాటలు. నీ తప్పేముందమ్మా, చిన్నపిల్లవి అని అంటుందని భయపడ్డాను. ఆ మాట నేను నాకు వెయ్యిసార్లు చెప్పుకున్నాను, పని చెయ్యలేదు. అది అనలేదు. దుప్పటిలోంచి కుడికాలు బయటికి చాపి నా ఒళ్ళో పెట్టింది. "చూస్తూ ఉండు" అంది.

ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మగపిల్లాడు. గాజుపెట్టెలో ఉన్నాడు, అరచెయ్యంత మనిషి. వాడి కాలికింకా ఆది కోయలేదు. షారోను బీపీ ఇంకా దిగలేదు. పురుడయ్యాక కూడా ఫిట్స్ రావచ్చునని, కొన్నాళ్ళు ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. అందుకే దాని మంచం పక్కనే కూర్చుని ఇదంతా రాస్తున్నాను. రోజూ పొద్దున్నే అట్టని దాని అరికాలికి ఆనించి ఒక గీత గీస్తున్నాను. నర్సు చూసి నవ్వుతుంది. నవ్వనీ. వాళ్ళ అంకెలు వాళ్ళవి, నా గీతలు నావి. ఇప్పటికి తొమ్మిది గీతలయ్యాయి. మొదటి రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, తర్వాతవి లోపలికి జరుగుతూ వచ్చాయి. ఇవాళ్టిది నిరుటి ఆదికి ఇంకా నూలుపోగు దూరంలో ఉంది.

ఇవాళ అది నిద్రపోతుండగా డబ్బా అడుగు నుంచి అమ్మ అట్ట తీశాను. పసుపుపచ్చగా మారి, అంచులు మెత్తబడి ఉంది. దాని మీద పెన్సిలు గీతే లేదు, నేను కోసిన అంచు తప్ప. షారోను అట్టపెట్టెలో మిగిలిన ముక్క ఒకటి సంచీలో ఉంటే దాని మీద అమ్మ ఆది పెట్టాను. ఆ రోజు నా పెన్సిలు ఎక్కడ ఎంత బయటికి పోయిందో నా చేతికి ఇంకా గుర్తుంది. వేళ్ళ దగ్గర కొంచెం, మడమ దగ్గర కొంచెం, మధ్యలో వేలెడు. చుట్టూ ఆ గీత గీసి, పక్కన అమ్మ పేరు రాశాను. ఈ ఏడాది అమ్మకి కూడా సాక్సు కుడతాను. దీనికే కోస్తాను.